గోరంత బిళ్ల – కొండంత కాపలా



ఈ పూట ఎరువుల మోతాదు గురించి గాని, విత్తనశుద్ధి గురించి గాని చెప్పబోవటం లేదు. మన పైకం గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. పంట పండించటం ఒక యెత్తు. పండిన పంట తాలూకు సొమ్ము చెయ్యి జారకుండా ఇల్లు చేర్చుకోవటం మరొక యెత్తు. వెనుక మన పెద్దలు బెల్లం అమ్మిన రొక్కం రొంటిని దోపుకొని, సంత నుండి నలుగురూ కలిసి బండి కట్టుకొని వచ్చేవారు. ఒంటరిగా వస్తే దారిలో భయం. ఇప్పుడు ఆ సొమ్ము మన కంటికి కనబడకుండానే మన ఖాతాలో వచ్చి పడుతున్నది. మరి దానికి దారిలో భయం లేదా? ఉన్నది. దానికి కాపలా ఎవరు? ఆ సంగతే ఈ ప్రసంగం.

అనకాపల్లి జిల్లాలో, వరాహ నది దాపున ఉన్న కోటవురట్ల మండలంలో ఒక రైతు ఇంటి సంగతి ఊహించుకోండి. ఉదయాన్నే యూరియా బస్తాకు వెళతాడు. దుకాణదారు ఒక చిన్న యంత్రం ముందు పెట్టి వేలు పెట్టమంటాడు. ఒకటో తారీఖున తల్లికి పింఛను ఇవ్వటానికి సచివాలయ ఉద్యోగి ఇంటికి వస్తే, ఆయన ఫోనుకు తగిలించిన పరికరం మీద ఆ ముసలమ్మ వేలు పెడుతుంది. ఉపాధి కూలి డబ్బు తీసుకోవటానికి భార్య బ్యాంకు మిత్ర దగ్గరకు వెళితే అక్కడ ఇంకొక యంత్రం. సాయంత్రం నర్సీపట్నంలో సామాన్లు కొని, కార్డు గీటినా, ఫోనుతో చెల్లించినా, బల్ల మీది పెట్టె “ఇన్ని రూపాయలు వచ్చాయి” అని గట్టిగా పలుకుతుంది. ఒక ఇంటివారు ఇన్ని యంత్రాలతో వ్యవహరిస్తున్నారు. వాటిలో ఏది ఎంతవరకు నమ్మదగినదో మనకు తెలిసి ఉండాలా, వద్దా?

ఇటువంటి యంత్రాలలోనూ, మీ దగ్గర ఉన్న బ్యాంకు కార్డులోనూ, ఫోనులోని సిమ్ము బిళ్లలోనూ గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. దానిని సెక్యూర్ మైక్రోకంట్రోలర్ అంటారు. మనం కాపలా చిప్పు అందాం. కార్డు మీద పసుపు రంగున మెరిసే చదరపు రేకు చూశారు గదా. అది పైకి కనబడే తొడుగు మాత్రమే. అసలు చిప్పు దాని వెనుక కందిబద్ద కన్న చిన్నదిగా ఉంటుంది. అంత చిన్నదైనా అందులో లెక్కలు కట్టే భాగం, జ్ఞాపకం ఉంచుకొనే భాగం, రహస్యం దాచుకొనే భాగం అన్నీ ఉన్నాయి.

ఒక పెద్దాయన అడిగాడు: “ఏటి బాబూ, ఇంత బిళ్ల నా డబ్బుకి కాపలా కాస్తదా? దొంగోడు దాన్ని ఊడబీకి అట్టుకుపోతే?” మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మామూలు చిప్పుకూ కాపలా చిప్పుకూ తేడా చెప్పాలి.

మన తోటలో మోటారు స్టార్టరుకు ఫోను ద్వారా వేసి ఆపే పెట్టె తగిలిస్తున్నాము. అందులోనూ ఒక చిప్పు ఉంటుంది. అది మామూలుది. తగిన పనిముట్లు ఉన్నవాడు దానిని విప్పి, అందులో ఏమి రాసి ఉన్నదో చాలావరకు చదవగలడు. చదివినా కొంప మునిగేది లేదు. కాని డబ్బు యంత్రంలోని చిప్పును అలా చదవగలిగితే ఊరి ఖాతాలన్నీ ఒకడి చేతిలో పడవచ్చు. అందుచేత కాపలా చిప్పును అయిదు రకాలుగా గట్టి చేస్తారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: దాని తాళపుచెవి ఎన్నడూ బయటికి రాదు. తాళపుచెవి అంటే ఇనుపది కాదు. ఒక పెద్ద రహస్య సంఖ్య. మీ ఫోను సిమ్ము సంగతి తీసుకోండి. ఫోను వేయగానే కంపెనీ వారి టవరు నుండి ఒక అంకె వస్తుంది. సిమ్ము ఆ అంకెను తనలోని రహస్య సంఖ్యతో కలిపి ఒక లెక్క కట్టి, జవాబు మాత్రమే పంపుతుంది. అక్కడ కంపెనీవారి దగ్గర కూడ అదే రహస్య సంఖ్య ఉన్నది. వారూ అదే లెక్క కడతారు. రెండు జవాబులూ కలిస్తే “ఇది మన సిమ్మే” అని ఒప్పుకుంటారు. రహస్యం మాత్రం గాలిలో ప్రయాణం చేయలేదు. దారిలో ఎవడైనా ఆ జవాబు విన్నా లాభం లేదు. ఎందుకంటే మరుసటిసారి అడిగే అంకె వేరు, చెప్పవలసిన జవాబు వేరు.

పాతకాలపు కార్డులకు వెనుక నల్లటి పట్టీ ఉండేది. అది చీటీ మీద రాసిన రాత వంటిది. ఎవడు చదివినా అదే రాత. ఒక దొంగ యంత్రంలో ఒక్కసారి గీస్తే చాలు, నకలు తయారయ్యేది. చిప్పు కార్డు అలా కాదు. అది రాత కాదు, నోరున్న గుమస్తా. ఎంత మొత్తం, ఏ తేదీ, ఏ బేరం అని అడిగి, ఆ ఒక్క బేరానికి మాత్రమే చెల్లే జవాబు చెబుతుంది. ఈ కారణం చేతనే రిజర్వు బ్యాంకు పట్టీ కార్డులను 2018 డిసెంబరు 31 లోపల చిప్పు, పిన్ను ఉన్న కార్డులుగా మార్చవలసిందని బ్యాంకులను ఆదేశించింది. 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు కూడ తొలినాళ్లలో కాగితపు పాసుపుస్తకంతో నడిచినదే. 2012లో రూపే కార్డులు వచ్చిన తరువాత అది యంత్రంలో పెట్టే కార్డు అయింది.

రెండవది: ప్రతి బేరానికి కొత్త తాళపుచెవి. మీరు దుకాణంలోని కార్డు యంత్రం మీద నాలుగంకెల పిన్ను నొక్కినప్పుడు ఆ నాలుగంకెలు ఉన్నవున్నట్లుగా బయటకు పోవు. చిప్పు లోపలే వాటిని గుప్తం చేసి, మూట కట్టి పంపుతుంది. దుకాణదారుకు కూడ ఆ మూటలో ఏమున్నదో తెలియదు. ఒక బేరానికి వాడిన తాళపుచెవిని మరొక బేరానికి వాడదు. పాతదాని నుండి కొత్తది పుడుతుంది గాని, కొత్తదాని నుండి పాతది రాదు. చెరకు నుండి బెల్లం వస్తుంది. బెల్లం నుండి చెరకు వస్తుందా? అలాగే ఈవేళ్టి తాళపుచెవి ఎవడికైనా చిక్కినా, దానితో నిన్నటి మూట విప్పలేడు.

మూడవది: తెరిస్తే తన రహస్యాన్ని తానే చెరిపివేసుకుంటుంది. కార్డు యంత్రం లోపల చిప్పు చుట్టూ వెంట్రుక కన్న సన్నని తీగలు వలలాగా అల్లి ఉంటాయి. పెట్టె మూత లేచినా, ఆ వలలో ఒక్క పోగు తెగినా, లోపల విపరీతమైన వేడి గాని చలి గాని తగిలినా, కరెంటు హెచ్చుతగ్గులతో మోసం చేయబోయినా చిప్పు పసిగడుతుంది. పసిగట్టిన మరుక్షణం తనలోని తాళపుచెవులను తుడిచివేస్తుంది. ఇందుకోసం ఆ యంత్రంలో ఒక చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. యంత్రం ఆపివేసి బీరువాలో పెట్టినా సరే, ఆ బ్యాటరీ రాత్రింబవళ్లు కాపలా కాస్తూనే ఉంటుంది. ఇక పెద్దాయన ప్రశ్నకు జవాబు దొరికినట్లే. దొంగ దానిని ఊడబీకి పట్టుకుపోతే వాడికి మిగిలేది ఖాళీ పెట్టె.

నాలుగవది: చెవి ఒగ్గి వినేవాడికి దొరకదు. ఇది కొంచెం వింతగా ఉంటుంది. మీలో అనుభవం ఉన్న రైతు మోటారు చప్పుడు విని, నూతిలోకి తొంగిచూడకుండానే నీరు అడుగంటిందా, గాలి పీలుస్తున్నదా చెప్పగలడు. అదే విధంగా చిప్పు లెక్క కట్టేటప్పుడు తీసుకొనే కరెంటులో అతిస్వల్పమైన హెచ్చుతగ్గులు ఉంటాయి. వాటిని కొలిచి లోపలి రహస్యాన్ని పట్టవచ్చునని 1999లో అమెరికాకు చెందిన పాల్ కోచర్, ఆయన సహచరులు లోకానికి చూపించారు. అంతటితో చిప్పులు తయారుచేసేవారికి నిద్ర పట్టలేదు. అప్పటి నుండి కాపలా చిప్పులు కావాలని మధ్యమధ్య ఉత్తుత్తి లెక్కలు కడతాయి, కరెంటు వాడకంలో కల్తీ చప్పుడు కలుపుతాయి, ఏ అంకె వచ్చినా ఒకే సమయం పట్టేటట్లు పనిచేస్తాయి. వినేవాడికి హోరు తప్ప మాట వినబడదు.

అయిదవది: ముద్ర లేని పనిని ముట్టుకోదు. ధ్రువీకరించిన విత్తనం సంచికి నీలం రంగు చీటీ ఉంటుంది. చీటీ లేనిదే మీరు విత్తనం కొనరు, కొనవద్దు కూడ. కాపలా చిప్పు కూడ అంతే. యంత్రం వేసిన ప్రతిసారి, తనలో నడవబోయే ఆదేశాల వరుసకు తయారీదారు ముద్ర ఉన్నదా లేదా అని ముందుగా చూసుకుంటుంది. ముద్ర చెదిరి ఉంటే నడవదు. దొంగ తన సొంత ఆదేశాలు చొప్పించి పిన్నులు పోగుచేయకుండా ఇది అడ్డుగోడ.

ఈ ఆలోచన నిన్నమొన్న పుట్టినది కాదు. 1974లో ఫ్రాన్సు దేశస్థుడు రోలాండ్ మొరెనో జ్ఞాపకశక్తి గల చిప్పును కార్డులో పెట్టే పద్ధతికి పేటెంటు కోరాడు. 1992 నాటికి ఆ దేశంలో బ్యాంకు కార్డులన్నీ చిప్పు కార్డులయ్యాయి. మన తెలుగునాట కూడ దీనికి ఒక చరిత్ర ఉన్నది. అది మన కూలీల చరిత్ర, చెప్పుకోదగినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లు ఇవ్వటానికి స్మార్ట్ కార్డులను ప్రవేశపెట్టింది. కార్డు మీద ఫోటో, వేలిముద్రతో గుర్తింపు. గ్రామంలోనే ఒకరు చేతి యంత్రం పట్టుకొని, వేలిముద్ర చూసి పైకం ఇచ్చేవారు. దీనివలన లాభం ఉన్నదా లేదా అని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు ప్రభుత్వ సహకారంతో పెద్ద ఎత్తున పరిశీలించారు. మన పొరుగున ఉన్న విజయనగరంతో సహా 8 జిల్లాలలో, 157 మండలాలలో ఏ మండలానికి ముందు కార్డులు ఇవ్వాలో చీటీలు వేసినట్లుగా నిర్ణయించి, ముందు వచ్చిన మండలాలనూ, తరువాత వచ్చిన మండలాలనూ పోల్చి చూశారు. ఫలితాలు 2016లో ప్రకటించారు. కార్డులు వచ్చిన చోట కూలి తీసుకోవటానికి పట్టే వేళ ఒక్కొక్కసారికి సుమారు 22 నిమిషాలు తగ్గింది. కూలి డబ్బు రోజుల తరబడి ముందుగా అందింది. దారిలో కారిపోయే సొమ్ము, కార్డులు రాని మండలాలతో పోలిస్తే నూటికి 40 వంతుల మేరకు తగ్గింది. పథకం పూర్తిగా అమలు కాకుండానే, అంటే చెల్లింపులలో సుమారు సగం మాత్రమే కార్డు పద్ధతికి మారినప్పుడే ఈ లాభం. తరువాత ఆ కార్డుల స్థానంలో ఆధార్ చెల్లింపులు వచ్చాయి.

అయితే సోదరులారా, ఇక్కడే మనం జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటి ఉన్నది. చిప్పు తన లోపలి రహస్యాన్ని కాపాడుతుంది. మన చేతిలో ఉన్న రహస్యాన్ని అది కాపాడలేదు. కోట గోడ ఎంత గట్టిదైనా, దిడ్డి తలుపు మనమే తీసి పెడితే గోడ ఏమి చేస్తుంది?

ముందు వేలిముద్ర సంగతి. వేలిముద్ర తాళపుచెవి వంటిది కాదు. తాళపుచెవి పోతే మార్చుకుంటాము. వేలు మార్చుకోలేము. పైగా మన వేలిముద్ర ఎక్కడెక్కడో పడి ఉంటుంది. భూమి అమ్మినా, కొన్నా, రిజిస్ట్రేషను దస్తావేజు మీద వేలిముద్ర వేస్తాము. అటువంటి దస్తావేజుల నకళ్ల నుండి ముద్రలు తీసి, రబ్బరు వేళ్లు పోత పోసి, ఆధార్ ద్వారా డబ్బు తీసిన ముఠాలు తెలుగు రాష్ట్రాలలోనే పట్టుబడ్డాయి. భూమి ఉన్నవాడికే ఈ ముప్పు ఎక్కువ అన్నమాట. దీనికి విరుగుడుగా ఆధార్ సంస్థ 2023లో, యంత్రం మీద పెట్టినది బతికున్న వేలా, పోత పోసినదా అని పరీక్షించే పద్ధతి తెచ్చింది. వేలిముద్ర పరికరాలలో కూడ రెండు తరగతులు ఉన్నాయి. పాత తరగతిలో వేలిముద్రను గుప్తం చేసే పని పరికరానికి తగిలించిన ఫోనులో జరిగేది. ఎల్-1 అనే కొత్త తరగతిలో ఆ పని పరికరం లోపల, కాపలా ఉన్న గదిలో జరుగుతుంది. మొదటి దానిలో పచ్చి ముద్ర మధ్యలో దొంగకు చిక్కే అవకాశం ఉన్నది. రెండవ దానిలో ఆ అవకాశం చాలా తక్కువ. బ్యాంకు మిత్రలు, సంఘాల కార్యదర్శులు ఎల్-1 పరికరమే వాడాలి.

రైతు చేయవలసినది ఏమిటంటే, అవసరం లేనప్పుడు ఆధార్ వేలిముద్రకు తాళం వేసి ఉంచటం. ఎంఆధార్ యాప్ ద్వారా గాని, ఆధార్ వెబ్‌సైటులో గాని ఈ తాళం వేసుకోవచ్చు. ఎరువులకో, కూలి డబ్బుకో వెళ్లేముందు తీసుకొని, తిరిగి వేసుకోవాలి. చేతకాకపోతే చదువుకున్న పిల్లల చేత చేయించుకోండి.

ఇంకొక బాధ కూడ ఉన్నది. చెరకు కొట్టి, జీడిపిక్కలు ఒలిచి మన ఆడవారి వేళ్లు అరిగిపోతాయి. జీడి రసం తగిలి చర్మం ఊడిపోతుంది. యంత్రం వేలిని గుర్తించదు. “నీ వేలు పడలేదు, మళ్లీ పెట్టు” అని మూడు నాలుగు సార్లు పెట్టిస్తారు. నిజంగా పడకపోవచ్చు. కాని ఇందులో మోసానికి కూడ చోటు ఉన్నది. మొదటిసారే డబ్బు తీసివేసి, పడలేదని చెప్పి పంపినవారు ఉన్నారు. అందుచేత వేలు పెట్టిన ప్రతిసారి తెర మీద మొత్తం ఎంత ఉన్నదో చదివించుకోండి. పడకపోతే పడలేదన్న చీటీ, పడితే పడినదన్న చీటీ అడగండి. అది మీ హక్కు. వేళ్లు మరీ అరిగినవారికి కనుపాప ద్వారా, ముఖం ద్వారా గుర్తించే పద్ధతులు కూడ వచ్చాయి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు తిరిగి నమోదు చేయించుకోవచ్చు కూడ.

యూరియా యంత్రం గురించి ఒక మాట. కృష్ణా, పశ్చిమగోదావరి వంటి జిల్లాలలో ప్రయోగంగా చేసి, 2018 నాటికి దేశమంతటా ఈ పద్ధతి పెట్టారు. యంత్రం మీద రైతుకు అమ్మిన బస్తాల లెక్కను బట్టి కంపెనీలకు సబ్సిడీ అందుతుంది. అంటే మీ వేలు ఒక రసీదు వంటిది. మీరు రెండు బస్తాలు తీసుకుంటే లెక్కలో రెండే పడాలి. బిల్లు తీసుకొని చూసుకోండి.

ఇక పలికే పెట్టె సంగతి. వట్టి పెట్టెలో మీ సొమ్ము లేదు. సొమ్ము బ్యాంకులో పడగానే అక్కడి నుండి వచ్చిన కబురును పైకి చదువుతుంది, అంతే. కార్డు తాకించుకొనే పెట్టెలలో మాత్రం కాపలా చిప్పు తప్పనిసరి. కూరగాయలు అమ్మే చెల్లెళ్లు, దూడను అమ్మే అన్నలు ఒకటి గుర్తుంచుకోండి. కొనేవాడు తన ఫోను చూపించి “డబ్బు పంపాను” అంటే నమ్మవద్దు. అది పాత బొమ్మ కావచ్చు, దొంగ యాప్‌లో గీసినది కావచ్చు. పెట్టె పలకాలి, లేదా మీ ఖాతాలో పడినట్లు మీ ఫోనులోనే మీరు చూసుకోవాలి. ఆ తరువాతనే పలుపుతాడు వాడి చేతిలో పెట్టండి.

పిన్ను విషయం మరీ ముఖ్యం. డబ్బు పంపటానికే పిన్ను కావాలి. డబ్బు రావటానికి పిన్ను అక్కరలేదు. “పంట నష్టపరిహారం వచ్చింది, పిన్ను నొక్కండి” అని ఎవడైనా అంటే వాడు దొంగ. ఈ ఒక్క వాక్యం ఇంటిల్లపాదికీ నేర్పండి.

విస్తరణ సిబ్బందికి, సహకార సంఘాలవారికి కొన్ని సూచనలు. కార్డు యంత్రాన్ని ఊళ్లో బాగుచేసేవాడి చేత విప్పించవద్దు. విప్పితే తాళపుచెవులు చెరిగి, అది పనికిరాకుండా పోతుంది. రేకుల షెడ్డులో ఎండ పడేచోట, కళ్లంలో మోటారు సైకిలు పెట్టెలో వదలవద్దు. మరీ వేడెక్కితే, జారి గట్టిగా పడితే కూడ చిప్పు దానిని దొంగదెబ్బగా భావించవచ్చు. తెర మీద ట్యాంపర్ అనే మాట కనబడితే ఇచ్చిన బ్యాంకుకే పంపాలి. యంత్రం వెనుక ఉన్న వరుస నంబరు పుస్తకంలో రాసి ఉంచి, బాగుచేస్తామంటూ వచ్చిన వారెవరైనా యంత్రం మార్చి పోయారేమో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. గ్రామ సమావేశంలో ఒక పాత సిమ్ము, ఒక పాత కార్డు చేత పట్టుకొని ఈ సంగతులు చెప్పండి. కంటితో చూసినది మనసులో నిలుస్తుంది.

ఇంత చేసినా డబ్బు పోతే ఏమి చేయాలి? సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. బ్యాంకుకు తెలియజేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆధార్ విషయమైతే 1947. మనవైపు గాని, బ్యాంకువైపు గాని తప్పు లేకుండా మూడవవాడు చేసిన మోసంలో, కబురు అందిన 3 పనిదినాల లోపల బ్యాంకుకు చెప్పిన ఖాతాదారు మీద నష్టం వేయరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తర్వు చేసింది. ఇటువంటి గడువులు కాలాన్ని బట్టి మారవచ్చు గాని, అసలు సూత్రం మారదు. పురుగు పట్టిన మొదటి రోజునే మందు కొడితే పంట దక్కుతుంది. వారం ఆగితే పురుగే తింటుంది. డబ్బు దొంగ కూడ అంతే. పోయిన సొమ్ము మరొక ఖాతాలోకి పారిపోయే లోపలే ఆపించాలి.

సోదరులారా, గోరంత చిప్పు తన పని తాను నిద్ర లేకుండా చేస్తున్నది. దాని రహస్యం అది ప్రాణం పోయినా చెప్పదు. మన పిన్ను విషయంలో మనమూ అంత గట్టిగా ఉంటే, వరాహ ఒడ్డున చెమటోడ్చి సంపాదించిన ప్రతి రూపాయి క్షేమంగా ఇల్లు చేరుతుంది. పాడిపంటలు వృద్ధి పొందుగాక.